ఎత్తని ఫోను

ఈరప్ప నోరు తెరిచాడంటే నూట ఇరవై కిలోమీటర్ల ఇవతల, మదనపల్లె ఆఫీసులో, మాధవి చెవి కాలేది. మనిషి ఉండేది కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో. గొంతు మాత్రం ఫోనులోంచి దూకి ఆమె టేబులెక్కి కూర్చునేది. "ఏమ్మే, బండ్లు యాడుండాయి?" అన్నది మొదటి మాట. రెండో మాట నుంచీ తిట్లే. ఆ తిట్లు ఇక్కడ రాస్తే కాగితం కంపు కొడుతుంది, అందుకని రాయడం లేదు.

క్వారీలో రోజూ పన్నెండున్నరకి మందు కాలుస్తారు. బండకి చిల్లులు తొలిచి, పేలుడు మందు కూరి, అందరూ దూరం జరిగాక బటన్ నొక్కడం. నొక్కే మేస్త్రీ ఈరప్పే. ముందు రోడ్డుకి ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. కొండ వెనకనుంచి ఇంకో దోవ ఉంది, దానికి జెండా మనిషి లేడు. పుంగనూరు ఫ్యాక్టరీలో రాళ్లు దించేసి వచ్చే కంపెనీ లారీలు తప్ప ఆ దోవలో ఎవరూ రారు. ఏ లారీ ఎన్నింటికి కదిలిందో పుంగనూరు వాళ్లు మదనపల్లెకి చెబుతారు. ఈరప్ప మందు కాల్చే ముందు మదనపల్లెకి ఫోను చేసి అడుగుతాడు. "ఏమీ లేవన్నా, కాల్చుకో" అని మాధవి అంటే కాలుస్తాడు. ఆమె కంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లూ అదే మాట చెప్పేవాళ్లు. ఇరవై ఏళ్లుగా ఆ వెనకదోవకి కాపలా ఆఫీసు వాళ్ల నోటిమాటే.

ఇది మంచి పద్ధతే అనుకోండి. కానీ ఆ మాట చెప్పడానికి మాధవి ప్రతి మధ్యాహ్నం ఎన్ని మాటలు పడాలి! ఫోను రెండోసారి మోగేలోగా ఎత్తకపోతే తిట్టు. "బండి వీకోటలో ఉండాది, పది నిమిషాలు ఆగన్నా" అంటే తిట్టు. బండ పేలే దాకా ఫోను పెట్టనిచ్చేవాడు కాదు, ఆ చప్పుడు కూడా ఆమె చెవిలోనే పేలాలి. తంబళ్లపల్లె నుంచి పొద్దున ఏడింటి బస్సు ఎక్కే మనిషి, పన్నెండవుతుందంటే చేతిలో పని పక్కన పెట్టి గడియారం చూస్తూ కూర్చునేది. ఒకరోజు స్పీకర్ పెట్టి, నలభై మంది కూలీలు వింటుండగా, ఆమెనీ పాత మేనేజర్నీ కలిపి ఒక మాట అన్నాడు. నలభై మంది నవ్వారు. మాధవి బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకుని అరగంట కూర్చుంది.

కొత్త మేనేజర్ శివకుమార్ వచ్చిన వారానికే ఆమె కంప్లైంటు రాసిచ్చింది. ఆయనకి అది పండగలా దొరికింది. అసలే ఆయనకి ఫోనంటే గిట్టదు. ఎవడేమన్నాడో రేపు అడిగితే రుజువుండదు, మెయిలయితే టైముతో సహా ఉంటుంది అనే రకం. మర్నాడే ఆర్డరు వేశాడు. బండ్ల టైములు మెయిల్లోనే చెప్పాలి, క్వారీలో గుమాస్తా నారాయణస్వామి వాటిని చూసి మేస్త్రీకి చెప్పాలి, ఆఫీసు వేళల్లో క్వారీ నుంచి ఫోను వస్తే ఎత్తనక్కర్లేదు. మాధవి ఆ ఆర్డరుని రెండుసార్లు చదువుకుంది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది, హాయిగా నిద్రపోయింది.

ఈరప్ప ఆ ఆర్డరుని నారాయణస్వామి చొక్కా జేబులో కుక్కి, చొక్కాతో సహా మనిషిని గోడకి అదిమాడట. "మెయిలంట, మెయిలు. మందు కూరి పెట్టుకోని ఆ కంప్యూటరు పెట్టి ముందర కుసోమంటాడా నన్ను? నేనయితే ఫోనే జేస్తా. ఎత్తితే ఎత్తనీ, లేకుంటే దాని సావు అది సావనీ."

అన్నట్టే చేశాడు. రోజూ పన్నెండూ ఇరవై అయిదు ప్రాంతంలో మాధవి ఫోను మోగేది. మోగి మోగి ఆగేది. పదకొండు రోజులు అలా గడిచాయి. ఆమె ఎత్తలేదు, అతను గాల్లోకి తిట్టి బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. ఎత్తలేదంటే బండ్లు లేవనే లెక్క, ఉంటే మాధవే ఫోను చేస్తుంది కదా అని అతను అనుకున్నాడు. బండ్లుంటే మెయిల్లో చూసుకుంటారు కదా అని ఈమె అనుకుంది. ఇద్దరూ మొండి ఘటాలే. ఒకరికొకరు ఆ సంగతి చెప్పుకోవాలంటే మళ్లీ మాట్లాడుకోవాలి.

పన్నెండో రోజు పదింటికి శివకుమార్ మీటింగ్ పెట్టాడు. ఫోన్లు బయట పెట్టి రమ్మన్నాడు. మెయిలు ఎలా రాయాలి, ఎవరికి కాపీ పెట్టాలి అని రెండు గంటలు వాయించాడు. మాధవి తన సీటుకి వచ్చేసరికి పన్నెండూ ఆరు. పుంగనూరు ఫ్యాక్టరీ నుంచి జాహ్నవి పంపిన మెయిలు రెండు గంటలుగా తెరవకుండా పడి ఉంది. మధ్యాహ్నం రెండింటికి కదలాల్సిన లారీ పొద్దున పదింటికే కదిలింది, చెన్నై ఆర్డరు తొందరట. డ్రైవరు ముద్దుకృష్ణ.

ముద్దుకృష్ణ ఈరప్ప సొంత తమ్ముడు. ఒకే కడుపున పుట్టారంటే నమ్మలేం. మదనపల్లె మీదుగా వస్తే ఆఫీసు ముందు బండి ఆపి "అమ్మా, టీ తాగినావా?" అని అడిగి పోయే మనిషి. మాధవి వేళ్లమీద లెక్క వేసింది. పదింటికి పుంగనూరు, పలమనేరు, వీకోట... పన్నెండున్నరకి సరిగ్గా కొండ వెనక ఉంటాడు.

ముద్దుకృష్ణకి ఫోను చేసింది. పరిధిలో లేదంది. మళ్లీ చేసింది. మూడోసారీ అదే. వీకోట దాటాక ఆ అడవిలో సిగ్నల్ ఉండదు, అది అందరికీ తెలుసు.

ఇక చేయాల్సింది ఈరప్పకి. నెంబరు తెరిచింది. బొటనవేలు దానిమీద పెట్టింది కూడా. పెట్టగానే చెవిలో ఆ గొంతు మొదలయింది, ఫోను కలవకముందే. పదకొండు రోజులు ఎత్తని దానివి ఇప్పుడెందుకు చేశావే అని మొదలుపెడతాడు. స్పీకర్ పెడతాడు. నలభై మంది నవ్వుతారు. బొటనవేలు వెనక్కి వచ్చింది.

మెయిలు పెట్టింది. "అర్జెంట్" అని పైన రాసి, బండి నెంబరు వేసి, పన్నెండున్నరకి మందు కాల్చవద్దు అని రాసి పంపింది. పన్నెండూ పదకొండు. పన్నెండు కాగానే నారాయణస్వామి సైకిలెక్కి అన్నానికి ఇంటికి పోతాడని ఆమెకి తెలుసు. తెలుసు, బాగా తెలుసు. ఈ రోజు పోయి ఉండడులే అనుకుంది. మనసు ఎప్పుడూ ఇలాంటి దొంగ సాక్ష్యాలే చెబుతుంది.

పన్నెండూ ఇరవై ఆరుకి ఫోను మోగింది. "ఈరప్ప క్వారీ" అని తెరమీద పేరు.

మెయిలు చూసినట్టున్నాడు, తిట్టడానికి చేస్తున్నాడు అనుకుంది. చూశాడంటే బండ పేల్చడు, ఇక ఎత్తాల్సిన పనేముంది? చూడలేదేమో అన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినదాన్ని పక్కకి నెట్టింది. ఫోను టేబులుమీద పురుగులా తిరుగుతూ మోగుతోంది. బోర్లా తిప్పి పెట్టింది. ఆగిపోయాక గుండెల మీంచి బరువు దిగినట్టయింది, అబద్ధమెందుకు. డబ్బా మూత తీసి చిత్రాన్నం తింది.

పన్నెండూ యాభైకి నారాయణస్వామి ఫోను చేశాడు. అతనిది ఎత్తింది.

"అమ్మా... మాధవమ్మా... ముద్దుకృష్ణ బండి..." అతని గొంతు మధ్యలోనే తెగింది. ఏదో బరువైనది మెత్తటి దానిమీద పడిన చప్పుడు. ఆ తర్వాత ఈరప్ప గొంతు. "మెయిలు యాడరా? యాడుండాది సూపించరా! అన్నం మెక్కను పోయినావా, నా తమ్ముడు ఆడ..." మళ్లీ చప్పుడు. నారాయణస్వామి ఆవులా అరిచాడు. ఒకటి, రెండు, మూడు. మాధవి లెక్కపెడుతోందని ఆమెకే తెలియదు. "సచ్చిపోతాడు, వదులన్నా" అని ఎవరో ఏడుస్తున్నారు. ఫోను కింద పడింది, దాని మీద కాలు పడింది, అంతటితో ఆగిపోయింది.

మిగతాది సాయంత్రానికి జాహ్నవి ఏడుస్తూ చెప్పింది. బండ పేలిన అరక్షణానికి లారీ మలుపు తిరిగింది. గది అంత రాయి కొండమీంచి దొర్లి క్యాబిన్ మీద కూర్చుంది. రేకు కాగితంలా మడతపడింది. గడ్డపారలు వేసి, జాకీలు పెట్టి రాయిని లేపడానికి గంట పట్టింది. ముందు ఒక చెయ్యి దొరికింది. ఆ చేతికున్న కడియం చూసి ఈరప్ప రాయిమీద తల బాదుకున్నాడు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. నారాయణస్వామికి రెండు పక్కటెముకలు విరిగాయి, ఒక కన్ను పోయేట్టుంది.

శివకుమార్ మాత్రం తొణకలేదు. మెయిలుని రెండు కాపీలు ప్రింటు తీయించాడు. "పన్నెండూ పదకొండు. పందొమ్మిది నిమిషాలు ముందే చెప్పాం. మనం సేఫ్ మాధవీ" అన్నాడు. రూలు ప్రకారం సమాచారం ఇచ్చాను, క్వారీ వాళ్లు చూసుకోలేదు అని ఆమె పేరుతో స్టేట్‌మెంట్ తయారుచేశాడు. అందులో ఫోను మాట లేదు. ఆమె సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు చెయ్యి వణకలేదు. వణికి ఉంటే ఎంత బాగుండేది!

రెండు రోజులు ఆమెకి అన్నం లోపలికి పోలేదు. ఇంట్లో వాళ్లమ్మ జ్వరమనుకుని కషాయం పోసింది.

మూడో రోజు ముద్దుకృష్ణ సమాధి మీద పాలు పోసి, అట్నుంచి అటే ఈరప్ప మదనపల్లెకి వచ్చాడు. టెంపోలో అతనూ, ఆరుగురు క్వారీ మనుషులూ, ముందు సీట్లో ముద్దుకృష్ణ పెళ్లాం యమునా. పదకొండున్నర, నడిమింటి ఎండ. వాచ్‌మన్ చెంగయ్య గేటు దగ్గర "ఏమప్పా, నిదానం, నిదానం" అంటూ చేతులు అడ్డం పెట్టాడు. ముసలోణ్ణి ఒక్క తోపు తోస్తే క్రోటన్ కుండీల మీద వెళ్లి పడ్డాడు.

అద్దాల తలుపుని తెరవొచ్చు. వాళ్లు తెరవలేదు. ఈరప్ప చేతిలో చిల్లులు తొలిచే ఇనప కడ్డీ ఉంది, నాలుగడుగుల పొడవు. దాంతో ఒక్కటిచ్చాడు, తలుపు గాజు వానలా రాలింది. రెండో దెబ్బకి కంప్యూటరు, మూడో దెబ్బకి దాని పక్కది. వెనకనున్న వాళ్లలో ఒకడు సమ్మెటతో ప్రింటరుని పచ్చడి చేశాడు. ఆఫీసులో ఉన్న అయిదుగురిలో ముగ్గురు వెనక గోడ దూకి పారిపోయారు. మాధవి కుర్చీ వెనక నిలబడిపోయింది.

శివకుమార్ టేబులు కిందకి దూరాడు. కాలు పట్టి బయటికి ఈడ్చారు. "పేపరుంది, పేపరుంది, చూడండి!" అని అరుస్తూ ఆ ప్రింటుని పైకెత్తి చూపించాడు. అది చూపించకుండా ఉండాల్సింది. ఈరప్ప దాన్ని లాక్కుని ఉండ చుట్టి, ఆయన నోట్లో కుక్కి, దవడ మీద గుద్దాడు. శివకుమార్ కాగితంతో పాటు నెత్తురు ఉమ్మాడు. కడ్డీ ఆయన మణికట్టు మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు గది అంతా వినబడింది.

"సెప్పు. ఫోను ఎత్తొద్దని రూలు పెట్టింది ఎవురు?"

"నేను కాదు... ఆమే... ఆమే కంప్లైంటు రాసిచ్చింది. ఎత్తనిది ఆమే. అడుగు!" శివకుమార్ బాగున్న చేత్తో మాధవిని చూపించాడు.

ఈరప్ప తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, నుదుటి మీద రాయికి కొట్టుకున్న గాయం ఇంకా పచ్చిగా ఉంది. కడ్డీ ఎడమచేతికి మార్చుకుని, జేబులోంచి ఫోను తీసి ఆమె మొహం ముందు పెట్టాడు.

"పన్నెండూ ఇరవయ్యారు. ఇది నీ నెంబరే గదా?"

"నాదే అన్నా."

"మోగిందా, మోగలేదా?"

"మోగింది."

"ఆ పొద్దు నువ్వు యాడుండావు?"

"ఈడే ఉండాను. చూస్తానే ఉండాను."

కడ్డీ లేచింది. కింద పడి ఉన్న శివకుమార్ కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు ఒక్క మాట చాలు. 'సారు ఎత్తొద్దన్నాడు' అంటే ఆ కడ్డీ ఆయన తలమీద దిగుతుంది, ఈమె బతికిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. మాధవి నోటిదాకా వచ్చింది ఆ మాట.

"మల్ల యాల ఎత్తలేదు?" ఈరప్ప గొంతు పగిలింది. "యాల ఎత్తలేదు సెప్పు! ఒక్క మాట అనుంటే నా తమ్ముడు..."

"నువ్వు తిడతావని అన్నా."

గదిలో సమ్మెట పట్టుకున్నవాడు కూడా ఆగిపోయాడు.

"సారు రూలు పెట్టినాడు, నిజమే. నేను ఎత్తకపోయింది దానికి కాదు. నారాయణస్వామి మెయిలు చూసుండడని నాకు తెలుసు. నీకు చేద్దామని ఫోను తీసినాను. భయమేసింది. మల్ల నువ్వే చేసినావు. అప్పుడూ భయమేసింది." ఏడుపు రాలేదు ఆమెకి. "నాలుగేండ్లుగా నీ నోరు ఇంటాండాను. ఆ పొద్దు ఇనలేకపోయినాను."

కడ్డీ గాలిలోనే ఉంది. ఎటు దించాలో ఈరప్పకి తెలియడం లేదు.

గుమ్మం దగ్గర గాజు పెంకులు నలిగాయి. యమున లోపలికి వచ్చింది. చెప్పుల్లేవు, పాదాల కింద తెగి నెత్తురు ఓడుతోంది, ఆమెకి తెలియడం లేదు. సన్నటి మనిషి, పాతికేళ్లుంటాయేమో.

"ఏమని తిడతాడు?" అంది మాధవిని.

"వద్దమ్మా."

"సెప్పు. మా ఆయప్ప పానం తీసిన మాటలు నేనూ ఇనాల."

మాధవి చెప్పింది. స్పీకర్ పెట్టి అన్న మాట దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే చెప్పింది. ఆ మాటలు ఆడగొంతులో, అంత నెమ్మదిగా వినబడుతుంటే క్వారీ మనుషులు నేలచూపులు చూశారు. స్పీకరులో విని నవ్వినవాళ్లే వాళ్లు.

"సాలు" అంది యమున. టేబులు మీద కాగితాలకి చిల్లులు వేసే పంచింగ్ మిషను ఉంది, బరువైన పాత ఇనపది. దాన్ని తీసుకుంది. "బావా, ఇట్ల తిరుగు" అంది. ఈరప్ప తిరిగాడు. సరిగ్గా నోటిమీద కొట్టింది.

అతను చెయ్యి ఎత్తలేదు. కడ్డీ జారి నేలమీద మోగింది. రెండోసారి కొట్టింది. పెదవి రెండుగా చీలి, ముందు పన్ను ఊడి చొక్కా మీద పడింది. మూడోసారి కొట్టింది. ఆరుగురిలో ఒక్కడూ కదల్లేదు. అతను నెత్తురు మింగుతూ, మొహం పక్కకి తిప్పకుండా, ఇంకా కొట్టమన్నట్టు నిలబడ్డాడు. మాధవి నాలుగేళ్లలో ఎన్ని రాత్రులు ఆ నోరు బద్దలవ్వాలని కోరుకుందో లెక్కలేదు. ఇప్పుడు కళ్ల ముందు బద్దలవుతుంటే చూడలేకపోయింది.

నాలుగో దెబ్బకి యమున చేతిలో బలం చాల్లేదు. మిషనుని వదిలేసి మాధవి వైపు వచ్చింది. నెత్తురంటిన చేత్తో చెంప పగలగొట్టింది. చెవి గింగురుమంది. మాధవి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"నోరు మంచిది కాదు మా బావది. నాకు తెలీదా? నన్ను గూడా తిట్టేవాడు. తిడితే ఏడుస్తాం, అన్నం మానేస్తాం, మూడోనాటికి లేస్తాం." ఆమె గొంతు ఎక్కడా హెచ్చలేదు. "నువ్వు లేసినావు గదమ్మా. ఆయప్పని లేపు."

అంటూనే మోకాళ్ల మీద కూలిపోయింది. ఈరప్ప పక్కనే కూలబడ్డాడు. ఏదో అంటున్నాడు, చితికిన నోట్లోంచి మాట రావడం లేదు.

పోలీసు జీపు వచ్చేసరికి ఎవరూ పారిపోలేదు. ఎస్సై జయచంద్ర గాజు తొక్కుకుంటూ లోపలికి వచ్చి చుట్టూ చూశాడు. క్వారీ కేసు కాగితాలు అప్పటికే స్టేషనుకి చేరి ఉన్నాయి, మాధవి సంతకంతో సహా. శివకుమార్ విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని "వీళ్లే సార్, ఆఫీసు మీద పడ్డారు. చంపబోయారు. ఆమే సాక్షి" అన్నాడు.

"ఏమ్మా, ఎవరు ముందు కొట్టారు? జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాడు ఎస్సై, పుస్తకం తెరుస్తూ.

మాధవి చెంప మీద అయిదు వేళ్లూ నెత్తుటితో అచ్చు పడి ఉన్నాయి. తుడుచుకోలేదు. నేలమీద తలవంచుకుని ఉన్న యమున వైపు ఒకసారి చూసింది.

"నేను ఇచ్చిన స్టేట్‌మెంట్ తప్పు సార్. ఇంకోటి రాసుకోండి" అంది. "ఈరప్పన్న ఫోను చేసి అడిగినాడు. బండి వస్తా ఉండాదని నాకు తెలుసు. నేను ఎత్తలేదు."